లండన్ అనుకున్న పెన్నీ: సఫోక్ చేలో దొరికిన ఒక నాణెం కేస్ స్టడీ

ఈ కేసులో నాణెం ఒక్కటే. వెండిది. తూకం 1.27 గ్రాములు, అడ్డం 18.5 మిల్లీమీటర్లు, అంచున ఒకచోట చిన్న ముక్క ఊడింది. దీన్ని నేను మూడు వారాల పాటు తప్పు పేరుతో పిలిచాను. డబ్బీలో పెట్టి చీటీ రాశాను, ఇద్దరు ముగ్గురు స్నేహితులకు వాట్సాప్‌లో ఫొటో పంపి గొప్పలు కూడా పోయాను. తర్వాత ఒక రాత్రి వంటింటి బల్ల దగ్గర టార్చిలైటు పట్టుకుని కూర్చుంటే అసలు సంగతి బయటపడింది. తప్పు ఎక్కడ జరిగిందో, ఎలా దొరికిందో వరసగా రాస్తాను. ఇంగ్లండులో మెటల్ డిటెక్టర్ పట్టుకున్న మనవాళ్లు నాకు తెలిసే నలుగురైదుగురు ఉన్నారు. వాళ్లందరి డబ్బీల్లోనూ ‘ఎడ్వర్డ్, లండన్’ అన్న చీటీలు, అంటే ఇంగ్లండు రాజు ఎడ్వర్డ్ పేరుతో లండన్‌లో కొట్టిన నాణెం అని, ఉండే ఉంటాయి.

నేను ఉండేది ఇప్స్‌విచ్‌లో. ఐదు రోజులు కంప్యూటర్ ముందు, ఆదివారం చేలో. తొమ్మిదేళ్లుగా ఇదే వరస.

చేను, సిగ్నల్

పొలం సఫోక్ కౌంటీలోదే. ఊరి పేరు రాయను. రాస్తే వారం తిరక్కుండా అనుమతి లేని వాళ్లు రాత్రిపూట వచ్చి తవ్వుతారు. అలాంటి వాళ్లను ఇక్కడ నైట్‌హాక్స్ అంటారు, రైతులకు వాళ్లంటే ఒళ్లుమంట. మా రైతు దగ్గర నాకు రాతపూర్వకంగా అనుమతి ఉంది. ఏదైనా విలువైనది దొరికితే చెరిసగం అని కూడా ఆ కాగితంలోనే ఉంది. నోటిమాట మీద చేలో దిగకండి. మంచి మనుషుల మధ్య కూడా బంగారం కనిపించగానే జ్ఞాపకాలు మారిపోతాయి. ఆ చేలో షెడ్యూల్డ్ మాన్యుమెంట్ ఏదీ లేదని మ్యాపులో ముందే చూసుకున్నాను. 1979 చట్టం ప్రకారం అలాంటి రక్షిత స్థలంలో ప్రభుత్వ అనుమతి లేకుండా డిటెక్టర్ వాడటమే నేరం, ఏమీ తవ్వకపోయినా సరే.

సెప్టెంబరు చివర. గోధుమ కోసేశారు, కొయ్యకాళ్లు ఇంకా నిలబడే ఉన్నాయి. డిటెక్టర్ కింద ఉండే గుండ్రటి కాయిల్ వాటికి తగిలి గరగరమంటుంది, నేలకు ఆనించి ఊపడం కష్టం. సిగ్నల్ చెప్పుకోదగ్గదేమీ కాదు. పల్చటి వెండి నాణెం మోత, చాక్లెట్ చుట్టిన రేకు మోత ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. నేను చూసేది ఒకటే: తూర్పు నుంచి ఊపి, మళ్లీ ఉత్తరం నుంచి ఊపినా అదే చోట అదే మోత వస్తోందా? వచ్చింది. అరచెయ్యి లోతున, నాగలి తిరగేసే మట్టిలోనే ఉంది. ఆ దుక్కి మట్టి దాటి కిందికి సిగ్నల్ పోతే నేను ఆగిపోతాను. అక్కడినుంచి పురావస్తు వాళ్ల పని మొదలవుతుంది.

మట్టిపెళ్ల విరిగి, మధ్యలో బూడిదరంగు అంచు కనిపించింది. ఆ క్షణాన బొటనవేలితో ఒక్కసారి రుద్దాలని చెయ్యి ఎంత లాగుతుందో చేసినవాళ్లకే తెలుసు. రుద్దకూడదు. మట్టిలో ఇసుక ఉంటుంది, ఏడు వందల ఏళ్లు ఆగిన అక్షరం ఆ ఒక్క రుద్దుడుకి పోతుంది. నాణేన్ని ఉన్నదున్నట్టు చిన్న డబ్బీలో దూది లాంటి మెత్తటి దాని మీద పెట్టి, చోటు జీపీఎస్‌లో గుర్తు పెట్టుకున్నాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ చూసి, “పూజ వెండి తోమినట్టు కాస్త విబూది పెట్టి తోమేయనా అండీ?” అంది. వద్దన్నాను. నవ్వకండి, మొదటి ఏడాది నేను అంతకన్నా ఘోరం చేశాను. రాగిచెంబు చింతపండుతో తోమితే తళతళలాడటం చిన్నప్పటినుంచి చూసినవాణ్ణే కదా, అదే తెలివి ఒక రోమన్ రాగి నాణెం మీద చూపించాను. చింతపండు నీళ్లలో ఒక రాత్రి. పొద్దున్నకి పచ్చటి పొర పోయింది, దానితోపాటు చక్రవర్తి ముఖమూ పోయింది. శతాబ్దాలు నేలలో ఉన్న రాగి మీద బొమ్మ నిలిచి ఉండేది ఆ పచ్చ పొరలోనే. మిగిలింది ఒక ఎర్రటి బిళ్ల. దాన్ని ఇప్పటికీ దాచుకున్నాను, బుద్ధి రావడానికి. వెండి రాగి అంత సుకుమారం కాదు కానీ, దానికైనా డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టడం, మెత్తటి బ్రష్‌తో తడిమట్టిని తాకీ తాకనట్టు తీయడం, అంతవరకే.

మొదటి చీటీ

ఇంగ్లండు చేలో చేతికొచ్చే మధ్యయుగపు వెండి నాణెం దాదాపు ఎప్పుడూ పెన్నీయే, లేదా దాని ముక్క. కాలం చెప్పడానికి ముందు బొరుసు చూడాలి. 1180 నుంచి 1247 దాకా కొట్టిన వాటి మీద సిలువ పొట్టిగా, రాత గీసిన వలయం లోపలే ఆగిపోతుంది. 1247లో దాన్ని అంచుదాకా పొడిగించారు, కానీ ఆ సిలువ జంట గీతలతో ఉంటుంది. అంచులు కత్తిరించి వెండి దొంగిలించేవాళ్లకు అడ్డుకట్ట వేయడానికి అలా పొడిగించారని చెబుతారు. 1279లో మొదటి ఎడ్వర్డ్ నాణేలన్నీ మార్చేశాడు. అప్పటినుంచి సిలువ ఒంటి గీతగా అంచుదాకా వెళుతుంది, నాలుగు మూలల్లో మూడేసి చుక్కలు. అంతకుముందు అరపెన్నీ కావాలంటే పెన్నీని సగానికి కోసేవాళ్లు, పావు కావాలంటే నాలుగు ముక్కలు. ఎడ్వర్డ్ వచ్చాక గుండ్రటి అర, పావు నాణేలు వచ్చాయి.

నా నాణెం మీద ఒంటి గీత సిలువ, మూడేసి చుక్కలు. కాబట్టి 1279 తర్వాతది. అక్కడిదాకా తప్పేమీ లేదు.

బొమ్మ వైపు ఎదురుగా చూస్తున్న ముఖం, రెండు పక్కలా ఉంగరాల జుట్టు. ఎడ్వర్డ్ పెన్నీల మీద రాజు సరిగ్గా ఇలాగే ఉంటాడు. తల పైభాగం మాత్రం చదునుగా, అచ్చు సరిగా పడనట్టు ఉంది. చుట్టూ ఉన్న రాతలో చాలా భాగం అరిగిపోయింది. బొరుసు వైపు రెండు చోట్ల ‘ఓ’, ‘ఎన్’ అక్షరాలు పక్కపక్కనే స్పష్టంగా కనిపించాయి. ఎడ్వర్డ్ లండన్ పెన్నీ మీద ‘సివిటాస్ లండన్’, అంటే లండన్ నగరం అని ఉంటుంది. లండన్ అన్న మాటను లాటిన్‌లో రాస్తే అందులో ‘ఓ-ఎన్’ రెండుసార్లు వస్తుంది. పైగా ఆ కాలంలో ఎక్కువ నాణేలు కొట్టిన టంకశాలలు లండన్, కాంటర్‌బరీయే. ఇంకేం కావాలి? ‘ఎడ్వర్డ్ 1, లండన్’ అని చీటీ రాసేశాను.

తూకం కూడా నా పక్షానే నిలబడింది. 1279 పెన్నీ ప్రమాణం సుమారు 1.44 గ్రాములు. అరుగుదల, ఊడిన అంచు తీసేస్తే 1.27 సరిపోతుంది. మనవాళ్లకు తూకం మీద నమ్మకం ఎక్కువ. కాసు అంటే 8 గ్రాములు అని ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు, ఆ 8 గ్రాముల వెనక ఉన్నది ఇంగ్లండు బంగారు సావరిన్ తూకం అని పెద్దగా తెలియకపోయినా. కానీ నాణేల గుర్తింపులో తూకం ‘కాదు’ అని చెప్పడానికే ఎక్కువ పనికొస్తుంది, ‘అవును’ అని చెప్పడానికి తక్కువ. 1.27 గ్రాములు లండన్ పెన్నీకి సరిపోతుందంటే, దాన్ని చూసి కొట్టిన నకలుకీ సరిపోతుంది. అసలు నకలు కొట్టేవాడి ప్రయత్నమంతా ఆ తూకానికి దగ్గరగా ఉండాలనే కదా.

ఆ సంగతి అప్పుడు తట్టలేదు. చూడాలనుకున్నది చూశాను.

గడియారం బొమ్మ

ఇక్కడ దొరికిన పాత వస్తువుల్ని పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్‌లో నమోదు చేయించడం మంచి పద్ధతి. 1997లో మొదలైన పథకం, బ్రిటిష్ మ్యూజియం ఆధ్వర్యంలో నడుస్తుంది. కౌంటీల్లో ఫైండ్స్ లయజన్ ఆఫీసర్ అని ఒకరు ఉంటారు, వస్తువు వాళ్లకు చూపిస్తే గుర్తించి రికార్డు చేస్తారు. అపాయింట్‌మెంట్‌కి ముందు మంచి ఫొటోలు తీసిపెడదామని ఆ రాత్రి కూర్చున్నాను.

నాణేనికి పైనుంచి లైటు కొడితే ఏమీ కనబడదు, మెరుపు తప్ప. గదిలో దీపాలన్నీ ఆర్పి, టార్చిని బల్ల మీద పడుకోబెట్టి, వెలుగు పక్కనుంచి జీరాడేలా పెట్టాలి. సాయంత్రం ఎండలో మట్టిరోడ్డు మీద గుంటలన్నీ లేచి కనిపిస్తాయే, అలా అరిగిన అక్షరాల నీడలు లేస్తాయి. ఒక దిక్కు నుంచి కనబడిన గీత ఇంకో దిక్కు నుంచి మాయమవుతుంది. అందుకని నాణేన్ని కదపకుండా టార్చిని చుట్టూ తిప్పుతూ ఎనిమిది ఫొటోలు తీస్తాను.

తర్వాత నేను చేసే పని చూడటానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. కాగితం మీద గడియారంలా పెద్ద గుండ్రం గీసి, సిలువతో నాలుగు పావులు చేసి, కచ్చితంగా కనిపించిన అక్షరాన్ని మాత్రమే దాని చోట రాస్తాను. అనుమానం ఉన్నచోట చిన్న గీత. ఊహించి పూరించడం ఈ కాగితం మీద నిషేధం. ఈ పని మొదటిరోజే చేసి ఉంటే ఈ కేస్ స్టడీ పుట్టేదే కాదు.

కాగితం మీద వచ్చింది ఇది. మొదటి పావులో గీత, ఓ, ఎన్. రెండో పావులో గీత, టీ, గీత. మూడో పావులో గీత, ఓ, ఎన్. నాలుగో పావులో గీత, ఈ, ఎస్.

రెండు నిమిషాలు దాన్నే చూస్తూ కూర్చున్నాను. లండన్ పెన్నీ మీద నాలుగు పావుల్లో వరసగా ఉండేవి: సి-ఐ-వి-ఐ, టి-ఏ-ఎస్, ఎల్-ఓ-ఎన్, డి-ఓ-ఎన్. అంటే ‘ఓ-ఎన్’ ఉన్న పావులు రెండూ పక్కపక్కన ఉండాలి. నాణేన్ని ఎటు తిప్పినా, తలకిందులు చేసినా అవి ఇరుగుపొరుగే. నా నాణెం మీద అవి ఎదురెదురుగా ఉన్నాయి. మధ్యలో ఒక పావు అడ్డం ఉంది.

ఒక్క అక్షరాన్ని తప్పుగా చదవొచ్చు. అరిగితే ‘సి’ని ‘ఈ’ అనుకోవచ్చు, ఆ కాలపు లిపిలో అవి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. కానీ రెండు జతల మధ్య దూరం అరిగిపోదు. ఇది లండన్ కాదు. కాంటర్‌బరీ పేరును నాలుగు ముక్కలు చేసి చూశాను: సివి, టాస్, కాన్, టోర్. కుదరదు. సఫోక్‌లోనే ఉన్న బ్యూరీ సెయింట్ ఎడ్మండ్స్ టంకశాల పేరూ కుదరదు. నాకు తెలిసిన ఇంగ్లండు టంకశాలల పేర్లన్నీ ఆ గుండ్రంలో పెట్టి చూశాను, ఒక్కటీ ఇమడలేదు.

అప్పుడు ప్రశ్న మార్చాను. ఊరి పేరు కోసం కాకుండా, మొదటి మాట కోసం వెతికాను. ఇంగ్లండు పెన్నీ మీద మొదటి మాట మామూలుగా ‘సివిటాస్’, నగరం. కొన్ని చోట్ల ‘విల్లా’, పట్టణం. సముద్రం అవతల, ఇప్పటి బెల్జియం, ఉత్తర ఫ్రాన్స్ ప్రాంతాల్లో ఆ చోట తరచుగా వేరే మాట వస్తుంది: ‘మోనెటా’, అంటే నాణెం. దాన్ని పావుల్లో పెడితే ఎం-ఓ-ఎన్, ఈ-టి-ఏ. మొదటి రెండు పావులూ తాళంలో తాళంచెవిలా సరిపోయాయి. మిగిలినవి గీత-ఓ-ఎన్, గీత-ఈ-ఎస్. ఎం-ఓ-ఎన్, టి-ఈ-ఎస్. ‘మోనెటా మోంటెస్’. మోన్స్ పట్టణపు నాణెం.

మోన్స్ ఇప్పుడు బెల్జియంలో ఉంది. లాటిన్‌లో ఆ మాటకు కొండ అని అర్థం. మన కొండపల్లి, కొండవీడు లాంటి ఊరన్నమాట. అప్పట్లో అది హైనాట్ అనే సంస్థానానికి ముఖ్యపట్టణం.

తలమీద పువ్వులు

ఒక వైపు చదివి నిర్ధారణకు వచ్చేయడం అంటే మళ్లీ అదే తప్పు. బొమ్మ వైపు ఇంకో కాగితం తీసుకున్నాను. కచ్చితంగా కనిపించినవి మూడే అక్షరాలు: ఓ, ఎం, ఈ, వరసగా. ఎడ్వర్డ్ పెన్నీల మీద బొమ్మ చుట్టూ రాజు పేరు కుదించి, ఇంగ్లండు రాజు, ఐర్లండ్ ప్రభువు అని లాటిన్‌లో ఉంటుంది. ఆ రాతలో ఎక్కడా ఈ మూడు అక్షరాలు ఈ వరసలో రావు. ‘కోమెస్’ అన్న మాటలో వస్తాయి. కోమెస్ అంటే కౌంట్, రాజు కన్నా కింది దొర. రాజు కానివాడు తన నాణెం మీద తనను రాజని రాసుకోలేదు, బొమ్మ మాత్రం రాజు బొమ్మలా వేయించుకున్నాడు.

బొమ్మలో తేడా ఒకటి పెట్టాడు. చదునుగా ఉందనుకున్న తల పైభాగం మీదికి టార్చి ఎడమవైపు నుంచి పెడితే కిరీటపు కొమ్ములు ఉండాల్సిన చోట ఒక గుండ్రటి పువ్వు లేచింది. పక్కన ఇంకోదాని ఆనవాలు. ఇది కిరీటం కాదు, రోజాపూల దండ. మా ఆవిడను పిలిచి చూపిస్తే, “తలలో పూలు పెట్టుకున్న మగాళ్లు కూడానా!” అని ఆశ్చర్యపోయింది.

హైనాట్ కౌంట్లలో ఈ రకం నాణెం కొట్టినవాడు అవెన్ వంశపు జాన్, పాలించిన కాలం 1280 నుంచి 1304. అతని నాణేల మీద జాన్ పేరుకు లాటిన్‌లో మొదటి అక్షరమైన ‘ఐ’, తర్వాత కోమెస్, తర్వాత హైనాట్ పేరు ఉంటాయి. అతని టంకశాలల్లో మోన్స్, వాలెన్సియెన్ ఊళ్లవి ఉన్నాయి. ఇలాంటి నకలు పెన్నీలన్నిటినీ 1983లో నికొలస్ మేహ్యూ అనే నాణేల పండితుడు వరసపెట్టి వర్గీకరించాడు. ఇప్పటికీ నమోదు చేసేటప్పుడు ఆయన వర్గీకరణనే వాడతారు.

ఇంకో అనుమానం మిగిలింది. ఇది ఆ నాణేనికి అప్పటి దొంగ నకలైతే? లోపల రాగి, పైన వెండి పూత వేసి మోసం చేసేవాళ్లు అప్పుడూ ఉన్నారు. ఇక్కడ ఊడిన అంచే ఉపకారం చేసింది. భూతద్దంతో చూస్తే విరిగినచోట లోపలిదాకా ఒకే బూడిద తెలుపు, ఎర్రదనం గానీ పచ్చతుప్పు గానీ లేవు. చూడగానే అయ్యో విరిగిందే అనుకున్న ముక్కే చివరికి సాక్ష్యం చెప్పింది.

ఇంగ్లండు పల్లెలో ఈ నాణేనికి ఏం పని

ఉన్ని వల్ల. అప్పటి ఇంగ్లండు ఉన్ని లేనిదే సముద్రం అవతల ఫ్లాండర్స్ ప్రాంతంలో మగ్గాలు ఆడవు. సరుకు అటు వెళ్లేది, వెండి ఇటు వచ్చేది. ఇంగ్లండు పెన్నీలో వెయ్యికి 925 పాళ్లు వెండి. స్టెర్లింగ్ వెండి అని మన నగల దుకాణాల్లో 925 ముద్ర వేసి అమ్మేది ఆ లెక్కే. ఆ పెన్నీని అందరూ నమ్మేవాళ్లు కాబట్టి, అవతలి ఒడ్డున ఉన్న చిన్నచిన్న దొరలు దాన్ని పోలిన నాణేలు తమ పేరుతో కొట్టడం మొదలుపెట్టారు. వెండిలోనో తూకంలోనో కాస్త తగ్గించి, ఒకటికి ఒకటిగా చెలామణీ చేస్తే ఆ తేడా వాళ్ల లాభం. 1294 తర్వాత ఎడ్వర్డ్‌కి ఫ్రాన్స్‌తో యుద్ధం. అటువైపు దొరల్ని తన పక్షాన నిలుపుకోవడానికి వెండి కుమ్మరించాడు. ఆ వెండిలో కొంత ఈ వేషంలో తిరిగొచ్చింది.

సంతలో జనం వీటికి పేర్లు పెట్టారు. పూలదండ తలవి క్రోకార్డ్‌లు, తలపై ఏమీ లేని బోడితలవి పొలార్డ్‌లు. అంటే జనానికి తేడా తెలుసు. తెలిసీ తీసుకున్నారు, చిల్లర అవసరం అలాంటిది.

1299లో స్టెప్నీలో చేసిన శాసనంతో ఎడ్వర్డ్ వీటి దిగుమతిని నిషేధించాడు. ఆ ఏడు క్రిస్మస్ నుంచి వీటి విలువ సగం, అంటే అరపెన్నీకి దించాడు. 1300 ఈస్టర్ నుంచి అసలు చెల్లవన్నాడు. కరిగించి కొత్త పెన్నీలు కొట్టడానికి హల్, ఎక్సెటర్, న్యూకాసిల్ లాంటి ఊళ్లలో టంకశాలలు తెరిచారు. 2016 నవంబరు 8 రాత్రి టీవీ ముందు కూర్చున్న ఎవరికైనా ఆ ఈస్టర్ ఎలా గడిచి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. మనకు నాలుగు గంటల టైమిచ్చారు, వాళ్లకు క్రిస్మస్ నుంచి ఈస్టర్ దాకా ఇచ్చారు, అంతే తేడా.

దీనివల్ల ఈ నాణేనికి మామూలు పెన్నీకి లేని లాభం ఒకటుంది. కొట్టిన కాలం వేరు, నేలలో పడిన కాలం వేరు. ఎడ్వర్డ్ పెన్నీ అయితే కొట్టిన తర్వాత వందేళ్ల దాకా కూడా చేతులు మారుతూ ఉండొచ్చు, ఎప్పుడు పోయిందో చెప్పలేం. ఇది మాత్రం 1300 వేసవికి చెల్లని కాసు. మోసుకు తిరిగేవాడు ఉండడు. కాబట్టి 1290ల్లోనో, 1300 మొదటి నెలల్లోనో పోయిందని నా అంచనా. ఎవడో చెల్లని దాన్ని చిరాకుతో పారేసి ఉండొచ్చు కూడా, కానీ దాన్లో వెండి ఉంది, వెండిని పారేసే రైతు ఏ కాలంలోనూ ఉండడు.

చేలోకి ఎలా వచ్చిందంటే, పెంట ద్వారా కావచ్చు. ఇంట్లో నేల మీద పడిన నాణెం ఊడ్చిన చెత్తతో పెంటకుప్పలోకి, కుప్ప తోలినప్పుడు ఎరువుతో చేలోకి. మా తాతగారి చేలో గాజుపెంకులు, సత్తుగరిటె ముక్కలు దొరికేది ఇందుకే. ఇక్కడ మధ్యయుగపు నాణేలు విడివిడిగా చేనంతా చెల్లాచెదురుగా దొరకడానికి చాలాసార్లు అదే కారణం.

కాగితాల పని

ఇంగ్లండులో 1996 ట్రెజర్ యాక్ట్ ప్రకారం, 300 ఏళ్లు దాటిన బంగారు, వెండి నాణేలు ఒకే చోట రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ కలిసి దొరికితే అది నిధి. రాగి లాంటి లోహాలవైతే పది ఉండాలి. నిధి అని తెలిసిన 14 రోజుల్లో కరోనర్ అనే విచారణాధికారికి తెలియజేయాలి. ఒంటరి నాణెం మామూలుగా నిధి కింద రాదు. మాకు చిన్న చిక్కు వచ్చింది. అదే చేలో పోయినేడు జంట గీతల సిలువ ఉన్న పెన్నీ పావు ముక్క ఒకటి దొరికింది. అప్పుడు రెండు వెండి నాణేలు కదా? రెండింటి మధ్య దూరం రెండు వందల మీటర్ల పైనే, పైగా 1279 మార్పుతో పాతవి చెలామణీ నుంచి పోయాయి, కాబట్టి ఈ రెండూ ఒకే సంచిలో ఉండే అవకాశం లేదు. ఆఫీసర్ కూడా ఇవి విడివిడిగా పోయినవేనని తేల్చారు. ఈ లెక్క మీ అంతట మీరు వేసుకుని ఊరుకోకండి, వాళ్లనే తేల్చనివ్వండి. జీపీఎస్ అంకెలు ఉండబట్టే ఆ మాట నిమిషంలో తేలింది.

మోన్స్ అన్న గుర్తింపును ఆఫీసర్ ఒప్పుకున్నారు. నేను గడియారం కాగితం చూపిస్తే దాన్ని కూడా ఫొటో తీసుకున్నారు. నాణెం ధర ఎంతని స్నేహితులు అడుగుతారు. రైతుకూ నాకూ ఇద్దరికీ అమ్మే ఉద్దేశం లేదు కాబట్టి ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తాను. ఇంటికి వెళ్లేటప్పుడు చుట్టాలకు చూపిద్దామని పెట్టెలో పెట్టుకునేవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి: బ్రిటన్ నేలలో దొరికిన పాత వస్తువు దేశం దాటాలంటే ఎగుమతి లైసెన్సు నిబంధనలు వర్తిస్తాయి. విలువ తక్కువ కదా అనుకుని విమానం ఎక్కకండి, ముందు అడగండి.

అదే చేలో మరొకటి

ఆ నాణెం దొరికిన రోజే మధ్యాహ్నం పసుప్పచ్చగా మెరిసే పల్చటి బిళ్ల ఒకటి దొరికింది. రైతు కొడుకు బంగారం అని కేకేశాడు. ఒకవైపు మధ్యలో రోజాపువ్వు, దాని చుట్టూ మూడు కిరీటాలు, మూడు లిల్లీలు ఒకటి విడిచి ఒకటి. రెండోవైపు సిలువ ఉన్న గోళం. ఇది బంగారమూ కాదు, నాణెమూ కాదు. జెట్టన్ అంటారు, జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఇత్తడితో చేసిన లెక్కబిళ్ల. అంకెలు రాసి కూడటం అలవాటు కాని రోజుల్లో గీతల బల్ల మీద వీటిని జరుపుతూ లెక్క కట్టేవాళ్లు, మన పెద్దలు చింతగింజలతో కట్టినట్టు. దీని మీద హాన్స్ క్రావింకెల్ పేరు చదవడానికి రెండు నిమిషాలు పట్టలేదు. 1586 నుంచి 1635 దాకా పనిచేసిన ఆ పేరుగల తయారీదారువి ఇంగ్లండులో లెక్కలేనన్ని దొరుకుతాయి. వీటి మీద రాత ఒక్కోసారి జర్మన్ సామెత. ‘దేవుడి దీవెన ధనవంతుణ్ణి చేస్తుంది’ అని ఉంది దీని మీద. రైతు కొడుకుకు ఆ వాక్యం అర్థం చెప్పినా ఓదార్పు దక్కలేదు.

మన ఊళ్ల నుంచి వచ్చే మెసేజ్‌ల గురించి కూడా ఒక మాట. డిటెక్టర్ కొని పంపమని అడిగేవాళ్లు ఉన్నారు. తెలుగు నేలలో ఐరోపా నాణేలు దొరకవని కాదు. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో రోమన్ వెండి నాణేల నిధి బయటపడింది. కానీ అక్కడి చట్టం వేరు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాల్సిందే. ఇక ఎక్కువగా వచ్చే ఫొటో మరొకటి ఉంది: 1818 అని, ఈస్టిండియా కంపెనీ అని, ఒకవైపు రాముడో హనుమంతుడో ఉన్న రాగి బిళ్ల. దానికి బియ్యాన్ని లాగే శక్తి ఉందని, కోట్లు పలుకుతుందని ఎవరో చెప్పి ఉంటారు. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ కొట్టలేదు. అది ఈమధ్య చేసిన బొమ్మబిళ్ల. రైస్ పుల్లింగ్ పేరుతో జరిగే మోసాలకు ముడిసరుకు అదే. దాన్ని గుర్తించడానికి టార్చిలైటు కూడా అక్కర్లేదు.

పాత డబ్బీ

మోన్స్ నాణెం తేలిన రాత్రి నిద్ర పట్టలేదు. తొమ్మిదేళ్లలో ‘ఎడ్వర్డ్’ అని చీటీ రాసినవి నా దగ్గర పదకొండున్నాయి. అన్నీ గడియారం కాగితం అలవాటు కాకముందువి. మర్నాడు సాయంత్రం ఒక్కోదాన్నీ తీసి, చీటీ చూడకుండా బోర్లించి, కొత్త కాగితం మీద రాసుకుంటూ వచ్చాను. పది సరిగ్గానే ఉన్నాయి. లండన్‌లు లండన్‌లే, ‘ఓ-ఎన్’లు పక్కపక్కనే ఉన్నాయి.

పదకొండోది నాలుగేళ్ల కిందటిది, బాగా అరిగింది. చీటీ మీద ‘కాంటర్‌బరీ?’ అని ప్రశ్నార్థకంతో ఉంది. ఒక ‘ఎన్’ చూసి కాంటర్‌బరీలో ‘కాన్’ అనుకున్నానన్నమాట. కానీ ఆ పేరులో ‘ఎన్’ ఒక్క పావులోనే రావాలి. ఇప్పుడు పక్కనుంచి వెలుగు పడేసరికి ఒక పావులో రెండు, మూడు స్థానాల్లో ‘ఈ-ఎన్’, దాని పక్క పావులో ఒకటి, రెండు స్థానాల్లో మళ్లీ ‘ఈ-ఎన్’ లాంటి నీడలు కనిపించాయి. వాలెన్సియెన్ పేరును నాలుగు ముక్కలు చేస్తే వి-ఏ-ఎల్, ఈ-ఎన్-సి, హెచ్-ఈ-ఎన్, ఈ-ఎన్-ఎస్. చివరి రెండు పావులు సరిపోతున్నట్టే ఉన్నాయి. తల మీద పువ్వు మాత్రం ఎన్ని దిక్కుల నుంచి లైటు పెట్టినా లేవలేదు.

పాత చీటీ కొట్టేసి, కింద ‘వాలెన్సియెన్ కావచ్చు, తల కనబడలేదు’ అని రాశాను. ఎనిమిది ఫొటోలు, గడియారం కాగితం, నాలుగేళ్ల కిందటి రికార్డు నంబరు కలిపి, ఆ రికార్డు సరిదిద్దాల్సి రావచ్చని ఆఫీసర్‌కు మెయిల్ పెట్టాను. జవాబు ఇంకా రాలేదు.